అది తేలాక ఇది

తన కాలేయంలో వైరస్ ఉన్నదని తెలిసిన రోజున లిఫ్టు మెకానిక్ పెద్దగా బెదరలేదు. హెపటైటిస్ సి అన్న పేరు చెప్పిన డాక్టరమ్మే, దానికి మాత్రలున్నాయనీ, మూడు నెలలు వేసుకుంటే నూటికి తొంభై అయిదుమందికి పైగా నయమవుతుందనీ వెంటనే చెప్పింది. కుర్రతనంలో కాలు విరిగినప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా వచ్చి ఉండవచ్చునని ఊహించింది. ఊహ అనే చెప్పింది. అందుకు అతడు ఆమెను గౌరవించాడు. చెడిన భాగమేదో తెలిసింది, మార్చవలసిన సామాను బజారులో దొరుకుతుంది. అతని వృత్తిలో ఇంతకు మించిన శుభవార్త ఉండదు.

ఆమె చెప్పిన మరో మాట మాత్రం మనసులో గుచ్చుకున్నది. కాలేయం గట్టిపడటంలో నాలుగు మెట్లుంటాయి. అతడు మూడో మెట్టు మీద ఉన్నాడు. నాలుగోది ఎక్కితే మళ్ళీ దిగటం చాలా కష్టం. కాబట్టి ఆలస్యం చేయకూడదు.

ఆలస్యం అక్కడి నుంచే మొదలైంది.

మందు రాసే ముందు చేయించిన రక్తపరీక్షల్లో పిలవని అతిథిలా, రక్షణ వ్యవస్థ తయారుచేసే ఒక యాంటీబాడీ కనిపించింది. కొద్దిగా కాదు, చాలా. మరునాడే డాక్టరమ్మ అతణ్ణీ అతని భార్యనూ కూర్చోబెట్టి విషయం వివరించింది.

"ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే ఒక్కోసారి ఒంటి మీదికి తిరగబడుతుంది. కంచే చేను మేసినట్టు. మీ లివరు దెబ్బతినటంలో వైరస్ వాటా ఎంతో, దీని వాటా ఎంతో తెలీటం లేదు."

"ఇంతకీ ఇది ఉన్నట్టా, లేనట్టా అమ్మా?"

"ఉండొచ్చు. వైరస్ ఉన్నవాళ్ళ రక్తంలో ఈ యాంటీబాడీ ఊరికే కనిపించటం కూడా ఉంది. పొద్దున్నే మీ వేళ్ళు పట్టేస్తున్నాయన్నారు చూడండి, అందుకని నాకు అనుమానం."

"ముప్పయ్యేళ్ళు పానా పట్టిన వేళ్ళు అమ్మా. పట్టెయ్యకపోతే అనుమానించాలి."

డాక్టరమ్మ నవ్వింది గాని అనుమానం వదులుకోలేదు. పొడవాటి సూదితో కాలేయం నుంచి ఒక ముక్క తీయించింది. ఆ ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసినవారు రెండు కారణాలకూ సరిపోయే గుర్తులున్నాయని తేల్చారు. అనగా ఏమీ తేల్చలేదు. రెండో జబ్బే నిజమైతే దానికి స్టెరాయిడ్ ఇవ్వాలి. స్టెరాయిడ్ ఇస్తే రక్షణ వ్యవస్థ చల్లబడుతుంది, వైరస్‌కు పట్టపగ్గాలుండవు. వైరస్ మాత్రలు మొదలుపెడితే ఆ రెండోది ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా చెప్పలేమన్నది డాక్టరమ్మ. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఇక్కడ పామూ కప్పా రెండూ అతని పొట్టలోనే ఉన్నాయి.

"పైన కీళ్ళ డాక్టరుగారున్నారు. ఇలాంటి జబ్బులు ఆయనే చూస్తారు. ఆయన దగ్గర మీ సంగతి తేలాక మందు మొదలుపెడదాం," అన్నది డాక్టరమ్మ.

కీళ్ళ డాక్టరు అదే ఆసుపత్రిలో రెండంతస్తుల పైన కూర్చుంటాడు. వయసు మళ్ళినవాడు, మృదువైనవాడు, మాటలను మీసాలలోనే సగం దాచుకునేవాడు. మెకానిక్ పది వేళ్ళనూ ఒక్కొక్కటిగా నొక్కి చూశాడు. కళ్ళు పొడిబారుతున్నాయా, ఎండకు చర్మం కందుతున్నదా, నోట్లో పుండ్లు వస్తున్నాయా అని అడిగాడు. వస్తున్నాయో లేదో మెకానిక్‌కు చప్పున గుర్తురాలేదు. నోట్లో పుండు వచ్చిందా లేదా అని జ్ఞాపకం పెట్టుకుంటూ ఎవడు బతుకుతాడు?

చివరకు ఆయన, "స్టెరాయిడ్ ఇప్పుడు కుదరదు. మీ వైరస్ సంగతి తేలాక రండి, అప్పుడు చూద్దాం," అన్నాడు.

మెకానిక్ తల ఊపాడు. కింద డాక్టరమ్మకూ ఊపాడు, పైన ఈయనకూ ఊపాడు. ఊపి, పనిలోకి వెళ్ళిపోయాడు.

అతడు అలా ఎందుకు ఊరుకున్నాడో అర్థం కావాలంటే అతని పనిలో ఉన్న ఒక నియమం తెలియాలి. లిఫ్టు బాగుచేసేటప్పుడు ముందుగా కరెంటు ఆపి, ఆ స్విచ్చి పిడికి ఒక ఇనుప కొక్కెం తగిలిస్తారు. ఆ కొక్కేనికి వరసగా రంధ్రాలుంటాయి. పనిలోకి దిగే ప్రతి మనిషీ ఒక రంధ్రంలో తన తాళం తాను వేసుకోవాలి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి. అయిదుగురు దిగితే అయిదు తాళాలు. చివరి మనిషి బయటికి వచ్చి తన తాళం తీసేదాకా లిఫ్టు కదలదు. ఎవరి తాళం వారే తీయాలి. పై అంతస్తులో ఎంతటివాడు నిలబడి కేకలు వేస్తున్నా సరే. అతని ముఠాలో మరొక అడుగు ముందుకు వేశారు: అవతలివాడి తాళం సంగతి అడగటమే తప్పు. 'ఇంకా ఎంతసేపు' అన్న మాట లోపల ఉన్నవాణ్ణి తొందరపెడుతుంది, తొందర వేళ్ళు తెంపుతుంది. ఈ మర్యాదను మెకానిక్ కొత్తవారికి చెప్పి చెప్పి, తన ఎముకల్లోకి ఇంకించుకున్నాడు. నియమం మంచిదే. ఏ మంచి నియమాన్నైనా అది పుట్టిన చోటి నుంచి పెకలించి మరో చోట నాటితే ఏం కాస్తుందో చెప్పలేం.

అతని లెక్క ప్రకారం ఇద్దరు డాక్టర్లూ తన మందుకు చెరొక తాళం వేశారు. తీసినప్పుడు వారే చెబుతారు. తను అడగటం మర్యాద కాదు.

అలా నెలలు గడిచాయి. ఒకటి రెండుసార్లు ఆసుపత్రికి ఫోన్ చేయకపోలేదు. "ఏమైనా తేలిందా అమ్మా?" అని అడిగితే, ఫోనెత్తిన అమ్మాయి, "డాక్టరుగారు చూస్తున్నారండీ," అనేది. చూస్తున్నారంటే లోపల పనిలో ఉన్నారన్నమాట. అతడు ఫోన్ పెట్టేసేవాడు.

ఈలోగా శరీరం ఒక చిక్కుప్రశ్నగా మారింది. మధ్యాహ్నం కాగానే కాళ్ళలోంచి సత్తువ దిగిపోయేది. అది వైరసా, రెండోదా, యాభై నాలుగేళ్ళ వయసా? పొద్దున వేళ్ళు పట్టేసి ముడవటానికి రాకపోతే రెండో జబ్బు. సులువుగా ముడుచుకుంటే అది లేనట్టు. అయితే ముడుచుకున్న రోజున కూడా అలసట ఉండేది. మెట్ల మీద ఆయాసం వస్తే ఎవరి ఖాతాలో వేయాలో తెలిసేది కాదు. ఒక యంత్రంలో ఒక లోపముంటే అది ఒక చోట ఉంటుంది; ఆ చోటును చేరేదాకా ఒక్కొక్క అనుమానాన్నీ ఓపికగా తోసివేసుకుంటూ పోవచ్చు. ఒకే శబ్దాన్ని రెండు లోపాలు చేస్తున్నప్పుడు, అందులో ఒకటి అసలు ఉందో లేదో తెలియనప్పుడు, ఏ పానా ఎక్కడ పెట్టాలి?

అతనితో కలిసి పనిచేసే బావమరిదికి ఈ తికమక ఏదీ లేదు. ముఠాలో అతని పేరు రేడియో. ఆపే మీట లేకపోవటం వలన వచ్చిన పేరు.

"ఆకుపచ్చ రసం ఒకటుంది బావా. పరగడుపున తాగితే లివరు కడిగేస్తుందంట."

"నా లివరు ఎంగిలి గిన్నె కాదురా."

"నమ్మకం ఉండాలి బావా."

"ఎంత నమ్మితే లిఫ్టు తాడు తెగకుండా ఉంటుందో చెప్పు, రేపట్నుంచి తాళ్ళు తనిఖీ మానేస్తాను."

రేడియో ఆ తర్వాత రసం మాట ఎత్తలేదు. దాని బదులు ఉపవాసం మాట ఎత్తాడు.

మెకానిక్ భార్యది బట్టలు సరిచేసే దుకాణం. కొత్తవి కుట్టదు, వదులైనవి బిగిస్తుంది, బిగుసుకున్నవి వదులు చేస్తుంది, చిరిగినవి చిరగనట్టు చేస్తుంది. ఒక సాయంత్రం పని నుంచి వస్తూ బావా బావమరదులు ఆ దుకాణంలో ఆగారు. ఆమె అతణ్ణి అద్దం ముందు నిలబెట్టి, నడుము దగ్గర ప్యాంటు లాగి చూసింది.

"మొన్ననే కదండీ బిగించాను. మళ్ళీ రెండు వేళ్ళు దూరుతున్నాయి."

"మంచిదేగా. జనం డబ్బులు కట్టి మరీ తగ్గుతున్నారు."

"మీ హాస్యం మండిపోనూ. ఆ డాక్టరమ్మ ఆలస్యం చెయ్యకూడదందా లేదా?"

"అంది."

"మరి ఎవరాపారు?"

"ఇద్దరూ."

"ఇద్దరూ ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. మీ సొంతం కలపకండి. పైనాయన దగ్గరికి నన్ను రానివ్వలేదు మీరు."

"డాక్టరమ్మేమో, ఆయన దగ్గర తేలాక మొదలుపెడదాం అంది."

"అది నేనూ విన్నాను. ఆయన?"

"వైరస్ సంగతి తేలాక రమ్మన్నాడు."

ఆమె నోట్లోని గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది. అంతవరకు సూదులు నోట్లో ఉంచుకునే పోట్లాడింది.

"పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. ఇన్ని నెలల్నుంచీ మీరు ఎదురుచూస్తున్నది దీనికోసమా?"

"ఇందులో పిచ్చి ఎవరికక్కా?" అన్నాడు రేడియో.

"నోర్మూసుకుని కూర్చో, లేకపోతే నీ పేరే చెప్తాను."

మెకానిక్ అద్దంలో తన ముఖాన్ని చూస్తూ నిలబడ్డాడు. రెండు వాక్యాలూ అతనికి కంఠతా వచ్చు. ఒక్కొక్కటిగా ఎన్నోసార్లు నెమరువేశాడు. పక్కపక్కన పెట్టి ఒక్కసారీ చూడలేదు.

"వాళ్ళు లోపల పనిలో ఉన్నారనుకున్నానే," అన్నాడు మెల్లగా. "అడిగితే తొందరపెట్టినట్టవుతుందని..."

"మీ తాళాల కథేనా? సరే. మీ వాడొకడు తాళం వేసి, మర్చిపోయి ఇంటికెళ్ళి పడుకున్నాడనుకోండి. లిఫ్టు అలా ఉండాల్సిందేనా, తరతరాలు?"

జవాబు రేడియో చెప్పాడు. "ఎందుకుంటుందక్కా? మనిషిని వెతుకుతాం. ఫోన్ చేస్తాం, ఇంటికి పోతాం. లిఫ్టు షాఫ్టులో లేడని కళ్ళారా చూశాక అప్పుడు తాళం కోసేస్తాం. బావే రెండు కోయించాడు."

"అయితే రేపు వెతకండి," అన్నదామె. "నేనూ వస్తాను. మీరు తల ఊపటానికి, నేను అడగటానికి."

మరునాడు ముందు పై అంతస్తుకే వెళ్ళారు. కీళ్ళ డాక్టరు అతణ్ణి గుర్తుపట్టాడు. ముఖం కాదు, వేళ్ళు.

"వైరస్ పోయిందా?" అన్నాడు చనువుగా.

"ఎలా పోతుందండీ? మందు మొదలుపెట్టందే," అన్నది భార్య.

"మొదలుపెట్టలేదా? ఎందుకని?"

"మీరు ఆపారని."

ఆయన మీసాలలోంచి మాటలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి. "నేనా? నేనెందుకాపుతానమ్మా? నేను ఇవ్వాల్సిన మందేమీ ఇప్పుడు లేదన్నాను. వైరస్ పోయాక కూడా ఆ పరీక్షలు అలాగే ఉంటే అప్పుడు నా వంతు. అప్పటిదాకా నేను పక్కన నిలబడేవాణ్ణి."

"ఆ ముక్క కింద డాక్టరమ్మకి తెలుసా అండీ?"

ఆయన తెలిసే ఉంటుందని అనబోయి, అనకుండా ఫోన్ అందుకున్నాడు.

"ఆఁ, నేనే. ఆ లిఫ్టాయన... అవును, వేళ్ళు. మందు మొదలుపెట్టలేదట... నా కబురా? నన్నెవరడిగారు?... చూడమన్నారు, చూశాను... అడిగినట్టేనా? నేను చూడమన్నారనే అనుకున్నాను... సరే సరే, మీ తప్పూ కాదు నా తప్పూ కాదు. పంపిస్తున్నాను."

భార్య కుర్చీలోంచి లేస్తూ, "ఇద్దరి తప్పూ కాకపోతే మరి మా తప్పా అండీ?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆయన లేచి వాళ్ళకోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. మెకానిక్ మాత్రం తనలో తాను, కొంత నాదే, అనుకున్నాడు. ఎంత అన్నది ఆ సమయంలో అతనికి తేలలేదు, తరువాతా తేలలేదు.

కింద డాక్టరమ్మ వారికోసం తలుపు దగ్గరే నిలబడి ఉన్నది.

"ఆయన దగ్గర్నుంచి కబురొస్తుందని చూస్తున్నాను. రాకపోతే నేను కనుక్కోవాల్సింది. కనుక్కోలేదు," అన్నది. తరువాత అతణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, పక్కటెముకల మధ్య యంత్రాన్ని ఆనించి, కాలేయం గట్టిదనాన్ని మళ్ళీ కొలిచింది. అది చిన్న చిన్న పోట్లు పొడిచినట్టు చప్పుడు చేస్తుంది. భార్య ఆ చప్పుడును వింటూ, డాక్టరమ్మ ముఖాన్ని చూస్తూ నిలబడింది.

"పెరిగిందా అమ్మా?" అని అడిగింది.

"అంకె పెరిగింది."

"నాలుగో మెట్టా?"

"అంచున ఉంది. కానీ ఈ అంకెకి రెండు కారణాలుంటాయి. లివరు నిజంగా గట్టిపడ్డా పెరుగుతుంది, వట్టి వాపున్నా పెరుగుతుంది. వాపైతే మందుతో దిగిపోతుంది."

"ఇందులో ఏది?"

"ఇప్పుడు చెప్పలేను."

తెలియదు అనగలగటం శాస్త్రానికి గౌరవం. ఆ గౌరవాన్ని బల్ల మీద చొక్కా లేకుండా పడుకుని స్వీకరించటం వేరే సంగతి. మెకానిక్ లేచి కూర్చున్నాడు.

"మరి ఆ రెండోది ఉందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?"

"మాత్రలు రేపే మొదలుపెడదాం. వైరస్ పోతుంది. దాంతో పాటు లివరు పరీక్షలు మామూలుకొస్తే, అంతా వైరస్ చేసిన పనే. రాకపోతే రెండోది ఉందనుకోవాలి."

"అంటే మందే పరీక్షన్నమాట."

"అలాగే అనుకోండి."

"మా పనిలో దాన్ని గుడ్డి రిపేరు అంటాం అమ్మా. లోపం ఎక్కడుందో తెలుసుకోకుండా సామాను మార్చి చూడటం. అలా చేసినవాణ్ణి నేను నానా తిట్లూ తిడతాను."

"మీరు లిఫ్టు ఆపి, విప్పి చూస్తారు," అన్నది డాక్టరమ్మ. "మిమ్మల్ని ఆపి చూడటానికి లేదు. ఇన్ని నెలలు ఆపితే ఏమైందో చూశారుగా."

అతనికి ఆ మాట సబబుగా తోచింది. సబబుగా తోచిన మాట వలన గందరగోళం తగ్గకపోవటం అతనికి కొత్త అనుభవం. భోజనానికి ముందా, తర్వాతా; రోజూ ఒకే వేళకా; ఒక రోజు మరిచిపోతే ఏం చేయాలి: ఇలాంటివన్నీ భార్య అడిగి తెలుసుకున్నది. వాటికి మాత్రం జవాబులున్నాయి.

మాత్ర మొదలైంది. మొదటి ఉదయం అతడు మింగి, నీళ్ళు తాగి, అలాగే కూర్చుండిపోయాడు.

"ఏమన్నా తెలుస్తోందా?" అన్నది భార్య.

"గొంతులోంచి ఇంకా దిగనియ్యవే."

రోజులు గడిచేకొద్దీ కొన్నాళ్ళు మధ్యాహ్నం కూడా సత్తువ నిలిచేది, కొన్నాళ్ళు నిలిచేది కాదు. వేళ్ళు పొద్దున పట్టేసేవి. అది పాత పానా చలవేనని ఒక రోజు, కంచె మేయడమేనని ఇంకొక రోజు అనుకునేవాడు. రేడియో, "కుదుటపడ్డావు బావా, రంగొచ్చింది," అనేవాడు. కాని వాడు మందుకు ముందు నుంచీ ఆ మాటే అంటున్నాడు గనుక దానిని సాక్ష్యంగా తీసుకోవటానికి వీల్లేదు.

నెల దాటాక రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"వైరస్ కనిపించటం లేదు."

భార్య గట్టిగా ఊపిరి వదిలింది. మెకానిక్ వదలలేదు, డాక్టరమ్మ ఇంకా మాట్లాడబోతున్నదని గ్రహించాడు.

"లివరు ఎంజైములు తగ్గాయి. బాగా తగ్గాయి. కానీ మామూలుకి రాలేదు. ఆ యాంటీబాడీ అలాగే ఉంది."

"అంటే రెండోది ఉన్నట్టా?"

"నెమ్మదిగా దిగుతున్నాయేమో. లేదా రెండోది కొంచెం ఉందేమో. మందు పూర్తి చెయ్యండి. ఆ తర్వాత మూడు నెలలాగి మళ్ళీ చూస్తాం, లివరు గట్టిదనం కూడా."

"నేనిప్పుడు రోగినా, కాదా అమ్మా? ఏదో ఒకటి చెప్పండి, దాని ప్రకారం నడుచుకుంటాను."

"వైరస్ వరకు కాదు. మిగతాది తేలాక చెప్తాను."

ఆ మాట వినగానే భార్య భర్త వంక చూసింది. అతడు తల ఊపబోయి, మధ్యలో ఆగిపోయాడు.

"తేలిందని ఎవరు చెప్తారు? మీరా, పైనాయనా?"

"నేనే. నేనే ఫోన్ చేస్తాను."

"ఫలానా రోజని చెప్పండి. ఆ రోజు చెయ్యకపోతే మర్నాడు పొద్దున్నే ఈ తలుపు ముందుంటాను. తొందరపెట్టాడని అనుకున్నా సరే."

డాక్టరమ్మ గోడ మీది క్యాలెండరు తిప్పి ఒక తేదీ చెప్పింది. అతడు ఆ తేదీని రెండుసార్లు పైకి చదివించుకున్నాడు.

వీధిలోకి వచ్చాక భార్య ముందు నడిచింది. బస్సు స్టాపు దగ్గర ఆగి అడిగింది.

"ఇంతకీ మనకి ఏం తెలిసిందండీ ఇవాళ?"

అతడు అబద్ధం కలపకుండా ఆలోచించాడు. ఆలస్యం వలన ఎంత నష్టం జరిగిందో తెలియలేదు. రెండో జబ్బు ఉందో లేదో తెలియలేదు. వేళ్ళ సంగతి తెలియలేదు.

"వైరస్ లేదని."

"అంతేనా?"

"అంతే."

"దానికి సంతోషపడొచ్చా?"

"పడొచ్చనుకుంటా," అన్నాడతను, ఆమె నవ్వుతుందా ఏడుస్తుందా తెలియక ఆమె ముఖంలోకి చూస్తూ. ఆమెకూ అదే తెలిసినట్టు లేదు.